గుంతల ఎస్తేరమ్మ

నిన్న సాయంత్రం మేడ మీద ఆరిన బట్టలు తీస్తుంటే తారు వాసన వచ్చింది. ఆ వాసనకు పిల్లలిద్దరూ పిట్టగోడ దగ్గరికి పరుగెత్తారు. మదనపల్లెలో ఊరి చివర ఉండే మా కాలనీకి రోడ్డు వేస్తున్నారంటే పిల్లలకు కూడా పండగే. ఎవరో పెద్దాయన ఈ దారిన ఏదో ప్రారంభోత్సవానికి వస్తున్నాడట, అందుకని మున్సిపాలిటీ వాళ్లు ఉన్నట్టుండి తారు లారీలు పంపారు. నేనూ సంతోషంగానే చూస్తూ నిలబడ్డాను. మా వీధి మలుపులో రోడ్డు కింద ఒక పాత కల్వర్టు ఉంది. వాన నీళ్లు ఈ పక్క నుంచి ఆ పక్కకు పోవడానికి ఎప్పుడో కట్టారు. దాన్ని మా వైపు మోరీ అంటాం. దాని మీద రోడ్డు కుంగిపోయి పెద్ద గుంత పడింది. బండ్లవాళ్లు అందులో పడకుండా వీధిలోవాళ్లమే ఒక వేపకొమ్మ నరికి, ఎర్రగుడ్డ కట్టి, గుంత నడుమ నాటి ఉంచాం. పనివాడొకడు వచ్చి ఆ కొమ్మను పీకి కాలవలోకి విసిరేశాడు. ఇంకొకడు గుంతలో కంకర కుమ్మరించాడు. దాని మీద తారు పడింది. రోలర్ అటూ ఇటూ తిరిగింది. గుంత ఎక్కడుండేదో కూడా తెలియనంత నున్నగా అయిపోయింది. సరిగ్గా ఆ క్షణంలో నాకు భయం పట్టుకుంది.

"మేయ్, సూసినావా? ఇంగ మన పిల్లోళ్ల ఆటో ఎగిరెగిరి పడేది లేదు!" అని కింది నుంచి పక్కింటి రమణక్క కేకేసింది.

"కింద మోరీ ఎవురన్నా సూసినారా అక్కా?"

"రోడ్డేసేటోళ్లు మోరీ యాల సూస్తారు? నీకు అన్నిటికీ భయమే తల్లీ. రోడ్డు లేకుంటే భయం, ఏస్తే భయం."

అందరూ నవ్వారు. రమణక్క చెప్పింది నిజమే. నేను భయస్తురాలిని. పిల్లలు దగ్గితే భయం, ఆటో కాస్త ఆలస్యమైతే భయం. కుప్పంలో ఉద్యోగం చేస్తూ శనివారాలు ఇంటికొచ్చే మా ఆయన కూడా దీని మీద జోకులేస్తాడు. కానీ నిన్నటి భయం ఆ రకం కాదు. దాన్ని నాకు ఒక మనిషి ఇచ్చిపోయింది. ఆమె పేరు ఎస్తేరమ్మ. ఈ రాత్రి పిల్లలు నిద్రపోయాక ఆమె గురించి రాయాలని కూర్చున్నాను.

ఎస్తేరమ్మది పుంగనూరులో మా పుట్టింటి పక్కిల్లు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై వచ్చింది. ముతక తెల్లచీర, మగవాళ్ల గొడుగు, గట్టి గొంతు. మా వీధిలో సగం మందికి ఆమె చేతి సూది గుర్తే. అందుకేనేమో, మా వార్డు కౌన్సిలరు సీటు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు జనం ఆమె దగ్గరికే వెళ్లి నిలబడమన్నారు. "నాకు రాజకీయం రాదప్పా, పుండ్లు కడగడం వచ్చు" అందామె. "మన వీధికి అదే కావల్లమ్మా" అన్నాడు పాలు పోసే రెడ్డెప్ప. ఆ మాటకు నవ్వి ఒప్పుకుంది. గెలిచింది. నేను అప్పుడు డిగ్రీ ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. నా చేతిరాత బాగుంటుందని అర్జీలు రాయడానికి పిలిచింది. అలా ఆమె వెంట మున్సిపల్ ఆఫీసుకు తిరగడం మొదలైంది. అప్పటిదాకా గడప దాటాలంటే పది ఆలోచనలు చేసే నేను, ఆమె గొడుగు నీడలో నడుస్తూ ఊరిని మొదటిసారి చూశాను.

పొద్దున్నే ఆమె వార్డంతా నడిచేది. జనం వాకిళ్లలో నుంచే కేకలేసేవాళ్లు. "ఏమమ్మా కౌన్సిలరూ, మా ఇంటి ముందర గుంతలో చేపలు పెంచుకోమంటావా?" అని ఒకరంటే, "పెంచుకో నాయనా, ఆదివారం నాకూ రెండు పంపు" అనేది. కానీ ఇంటికొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు. మా వీధి మోరీ ఆమెకు పెద్ద దిగులు. పాతకాలం బండలు పరిచి కట్టింది. దాని మీద రోడ్డంతా గుంతలే. నేను అర్జీలు రాస్తూనే ఉన్నాను, ఆఫీసు నుంచి అదే జవాబు వస్తూనే ఉంది. గుంతలు పూడ్చడానికి, పైన తారు వేయడానికి ఏటా సాధారణ నిధిలో కొంత ఉంటుంది. అది కౌన్సిల్ చేతిలో పని. మోరీ తవ్వి కొత్తది కట్టాలంటే దాన్ని మరమ్మతు అనరు, కొత్త నిర్మాణం అంటారు. దానికి ఇంజనీరు అంచనా వేయాలి, కౌన్సిల్ తీర్మానం చేయాలి, కాగితం పైకి పోవాలి, అనుమతి కిందికి రావాలి, టెండరు పిలవాలి. ఆ కాగితం పైకి పోయిందని తెలిసేది గానీ ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలిసేది కాదు. ఇక ఆ పైతారుకు ఇచ్చే నిధి కూడా అన్ని వార్డులకూ చాలేది కాదు. ఎవరి వీధికి ముందు వేయాలని ప్రతి మీటింగులోనూ గొడవే.

ఒక్క పనికి మాత్రం గొడవ ఉండేది కాదు. గంగజాతర వస్తుందంటే అమ్మవారు ఊరేగే దారికి ఎవరూ అడగకుండానే తారు పడేది. ఏ పార్టీవాడూ దానికి అడ్డం చెప్పడు. ఒకసారి జాతర దగ్గరపడుతుండగా ఎస్తేరమ్మ గొడుగు తీసుకుని, "రా పాపా" అని నన్ను వెంటబెట్టుకుని జాతర పెద్ద చెంగలప్ప ఇంటికి నడిచింది. ఆయన అరుగు మీద కూర్చుని వక్కాకు నములుతున్నాడు.

"అప్పా, ఈసారి అమ్మవారిని మా వీధిలోకి మలపండి" అంది.

చెంగలప్ప నమలడం ఆపేశాడు. "ఇదేందమ్మా ఇడ్డూరం! నువ్వు చర్చికి పోయేదానివి. మీ ప్రభువుకు తెలిస్తే ఏమనుకుంటాడు?"

"మా ప్రభువు గాడిద మీద ఊర్లోకి వచ్చినాడప్పా. ఆయనకు రోడ్డు బాగుండల్లని లేదు. మీ గంగమ్మ మనుషుల భుజాల మీద వస్తాది. ఎవురి కాలన్నా గుంతలో పడితే?"

చెంగలప్ప పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే ఆమె ఆలోచన పసిగట్టాడు. "నీ వీధికి రోడ్డు కావల్లని మా అమ్మతో అర్జీ పెట్టిస్తాండావా?"

"అమ్మ అర్జీ ఎవురూ తోసెయ్యలేరు గదప్పా. మా మనుషులూ ఆ యమ్మ పిల్లోళ్లే."

ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఏడు జాతర దారిలో మా వీధి చేరింది. వారం తిరక్కుండానే కంకర లారీ వచ్చింది. మా వాళ్లంతా ఎస్తేరమ్మను మోసినంత పని చేశారు. రెడ్డెప్ప తన మోపెడ్ ఆపి, "నీ తెలివికి ఈ పొద్దు పాలు ఊరికినే అమ్మా" అన్నాడు. "ఊరికే ఇస్తే నీళ్లు కలిపినావనుకుంటా, దుడ్డు తీసుకో" అందామె.

పని చూడడానికి వచ్చిన మున్సిపల్ ఇంజనీరు కుర్రవాడు, నిదానస్తుడు. కిందికి దిగి, మోరీలోకి టార్చి వేసి చూసి, మోకాళ్లకు మట్టితో పైకి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. అతను ఆమెను పక్కకు పిలిచి చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

"కింద బండలు పగిలి ఉండాయి మేడమ్. ఈ నిధి పైతారుకు మాత్రమే ఇచ్చినారు. మోరీ ముట్టుకునేదానికి లేదు. నా మాట ఇని ఆ జాగా అట్లే వదిలేయండి. గుంత కనపడితే బండ్లు మెల్లగా పోతాయి. కనపడకుంటే జోరుగా పోతాయి."

ఎస్తేరమ్మ వీధి వైపు చూసింది. ఆడవాళ్లు అప్పుడే వాకిళ్లకు సున్నం వేస్తున్నారు. "అమ్మవారు వచ్చే దారిలో నడిమధ్య గుంత అట్లే ఉంచితే ఊరు ఊరుకుంటాదా నాయనా? ఇప్పుడు వదిలేస్తే మళ్లా మా వీధికి తారు యాడిది? ముందు పైది కానీ. కిందిది వానలు వచ్చే లోపల నేను కొట్లాడి తెస్తా."

కొట్లాడింది కూడా. అమ్మవారు పొద్దుగూకే వేళ మా వీధిలోకి వచ్చి, ప్రతి ఇంటి ముందూ ఆగి, హారతులు తీసుకుని వెళ్లిన మరునాడే మోరీ కోసం ఆఫీసుకు వెళ్లింది. ఛైర్మన్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఏంది ఎస్తేరమ్మా, నీ రోడ్డు అద్దం మాదిరి ఉండాది. గుంతలున్న వార్డులోళ్లు నా ప్రాణం తీస్తాండారు. వాళ్లను కాదని నీకు మోరీ ఎట్లిచ్చేది?" ఆమె తిరిగి వస్తూ దారిలో ఒక్క మాటే అంది. "గుంత ఉన్నన్నాళ్లూ అడిగేదానికి నాకు నోరుండె పాపా." ఆ మాట బరువు నాకు అప్పుడు తెలియలేదు. అన్నిటికీ ఏదో ఒక దారి వెతికే మనిషి, దీనికీ వెతుకుతుందిలే అనుకున్నాను.

మా వీధి నున్నగా అయ్యాక దాని సంగతి లారీలవాళ్లకూ తెలిసింది. టమోటా బాక్సులు నింపుకుని మదనపల్లె మార్కెట్టుకు పోయే బండ్లు, సెంటర్లో ఇరుక్కోకుండా మా వీధిలోంచి అడ్డంగా పడి పోవడం మొదలుపెట్టాయి. మోరీ మీద ఏ బండీ నెమ్మదించలేదు. ఎస్తేరమ్మ గొడుగు అడ్డంపెట్టి నిలిపితే, డ్రైవర్లు హారన్ కొట్టి, "రోడ్డు నీ అబ్బ సొత్తా అవ్వా?" అని తిట్టి పోయేవాళ్లు. వానలు మొదలయ్యాయి. ఒక తెల్లవారుజామున పాల క్యాన్లు రెండు పక్కలా కట్టుకుని రెడ్డెప్ప వస్తున్నాడు. అతని మోపెడ్ కింద రోడ్డు లోపలికి దిగిపోయింది. రాత్రి లారీల కింద నలిగిన బండ అతని బరువుకే విరగాలని రాసిపెట్టి ఉంది అన్నారు అందరూ. మేం వెళ్లేసరికి మోరీ నీళ్లు తెల్లగా పారుతున్నాయి. ఎస్తేరమ్మ ఆ నీళ్లలోకి దిగి, అతని తల ఒళ్లో పెట్టుకుని, నర్సులాగా మెడ మీద వేలు పెట్టి చూసింది. వేలు తీయకుండా అట్లాగే కూర్చుంది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆమెకు కష్టమైంది. "తలరాతమ్మా, నువ్వేం చేస్తావు" అనేవాళ్లు. ఒకరోజు మా అమ్మ కూడా అదే మాట అంటే ఎస్తేరమ్మ విరుచుకుపడింది. "జీవితమంతా పుండ్లు కడిగినాను నేను. లోపల చీముండంగా పైన కుట్టెయ్యకూడదని నాకు తెలీదా? తెలిసీ కుట్టేయించినా. దీన్ని తలరాత అనొద్దు."

తర్వాత వచ్చిన కౌన్సిల్ మీటింగుకు నన్ను తోడు తీసుకుపోయింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆమె లేచి నిలబడింది. "కింద బాగలేదని ఇంజనీరు నాకు ముందే చెప్పినాడు. నేనే వేయించినా. తప్పు నాది. రాసుకోండి." ఛైర్మన్ కోప్పడలేదు. మెల్లగా, దయగానే చెప్పాడు. "కూసోమ్మా. వానకు కూలిందని పైకి రాసి పంపించినాము. ఇప్పుడు నువ్వు తప్పంటే ఆ యింటోళ్లకు వచ్చే సాయం నిలిచిపోతాది. ఆ పాపం గూడా నీకెందుకు?" ఆమె కూర్చుంది. నిజం చెప్పుకునే దారి కూడా మూసుకుపోయిన మనిషి ముఖం ఎలా ఉంటుందో నేను ఆరోజు చూశాను. ఇంటికి వచ్చేదాకా ఆమె గొడుగు విప్పలేదు. దారంతా వానలో తడుస్తూనే నడిచింది.

రెడ్డెప్ప భార్య నాగరత్నమ్మ దగ్గరికి వెళ్తే, ఆమె గడపలోనే నిలబడి, "యాల వచ్చినావు? ఇంగో రోడ్డు ఏసేదానికా?" అంది. ఎస్తేరమ్మ తల వంచుకుని వచ్చేసింది. కానీ మరునాటి నుంచి చెంబు తీసుకుని పాలకు తానే ఆ ఇంటికి నడిచేది. నాగరత్నమ్మ మాట్లాడకుండా పాలు కొలిచి పోసేది. ఆమె మాట్లాడకుండా పోయించుకుని వచ్చేది. పుంగనూరులో ఉన్నంత కాలం ఆ ఇద్దరి మధ్యా నడిచింది అదే.

ఆ తర్వాత ఆమె వార్డులో ఎక్కడ రోడ్డు వేయబోయినా, రోలర్ ముందు కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చునేది.

"ఏమవ్వా, రోడ్డేస్తే నీకొచ్చిన నొప్పేంది?" అని కాంట్రాక్టరు మనిషి అరిచేవాడు.

"కింద మోరీ తెరిచి సూపించు నాయనా. బాగుంటే నేనే లేసి నీకు కాఫీ పోస్తా."

తెరిస్తే పని పెరుగుతుంది. పెరిగిన పనికి నిధి లేదు. అందుకని కాంట్రాక్టరు లారీని ఇంకో వార్డుకు మళ్లించేవాడు. ఆమె పోరగా పోరగా ఒకటి రెండు మోరీలు తవ్వి కట్టారు. రోడ్డు కింద జరిగిన పని ఎవరికి కనబడుతుంది? పైన గుంతలే కనబడ్డాయి. ఒకప్పుడు ఆమెను మోసినంత పని చేసినవాళ్లే 'గుంతల ఎస్తేరమ్మ' అని పేరు పెట్టారు. పిల్లలు కూడా అదే పేరుతో పిలిచి పారిపోయేవాళ్లు. మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఎదుటి పార్టీవాళ్లు మైకులో, "అక్కలారా, ఓటెయ్యడానికి పోతా గుంతలో పడొద్దు, జాగ్రత్త" అని నవ్వించి వెళ్లారు. ఆమె ఓడిపోయింది. కొత్త కౌన్సిలరు వచ్చిన నెలకే వార్డంతా తారు వేశాడు. ఆ రోజు ఎస్తేరమ్మ తలుపు వేసుకుని బయటికి రాలేదు.

నాకు పెళ్లై మదనపల్లె వచ్చేశాను. ఆమె కళ్లు మసకబారి, ఒంటరిగా ఉండలేక, కుప్పంలో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. మా ఆయనకు అక్కడ ఉద్యోగం వచ్చినప్పుడు, చిన్నవాణ్ణి ఎత్తుకుని చూడడానికి వెళ్లాను. స్టేషను వెనక సందులో చిన్న ఇల్లు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా గొంతు గుర్తుపట్టి లేచి కూర్చుంది. బిడ్డ పాదాలు తడిమి, "నడుస్తాండాడా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఏ వీధిలో ఉన్నామో, రోడ్డు ఎట్లుందో అడగలేదు. నాగరత్నమ్మ కొడుకు చదువుకుంటున్నాడా అని మాత్రం అడిగింది. నాకు తెలియదన్నాను. వీధిలో లారీ పోయినప్పుడల్లా మాట ఆపి, ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా మంచం పట్టె పట్టుకునేది.

బయల్దేరేటప్పుడు, నేను పిల్లల గురించి ఊరికే భయపడతానని, అందరూ నవ్వుతారని చెప్పుకున్నాను. చిన్నప్పటిలా ఆమె కసురుతుందనుకున్నాను. కసరలేదు.

"ఉండనీ పాపా. అందరూ నిన్ను పిరికిదంటారు, నన్ను ధైర్యస్తురాలనిరి. నేనూ నమ్మితి. నా ధైర్యం రెడ్డెప్పను తినేసె. ఆ పొద్దు నాకు రవ్వంత భయం ఉండింటే..." అని ఆగిపోయింది. చెల్లెలు వచ్చి మాత్రలు ఇచ్చింది. మళ్లీ ఆ మాట పూర్తి చేయలేదు. ఆమెను ప్రాణంతో నేను చూడడం అదే ఆఖరు. పోయాక పుంగనూరుకే తెచ్చి సమాధి చేశారు. పాటలు పాడుతుండగా వెనక్కి తిరిగి చూస్తే నాగరత్నమ్మ శ్మశానం గేటు బయట నిలబడి ఉంది. లోపలికి రాలేదు. వెళ్లిపోనూ లేదు.

నిన్న రోలర్ వెళ్లిపోయాక మా కౌన్సిలరుకు ఫోన్ చేశాను. మంచివాడే, చిన్న వయసు. "అక్కా, గుంతలుంటే మీరే ఫోన్ చేస్తారు, పూడిస్తే మీరే ఫోన్ చేస్తారు. మేం యాడికి పోయి సావల్ల?" అన్నాడు. నవ్వుతూనే, "మోరీకి వేరే ఫండు కావల్లక్కా, సూద్దాం" అన్నాడు. అతని వెనక ఎవరో రోడ్డు వేయించినందుకు అభినందిస్తున్నారు. మా ఆయన ఫోన్లో, "ఆటో ఏమన్నా టమోటా లారీనా? పడుకో" అన్నాడు. పడుకున్నాను గానీ నిద్ర రాలేదు. మా ఆటోలో పిల్లల్ని ఎలా కుక్కుతారో నాకు తెలుసు. పెద్దాయన కోసం వచ్చే కార్లు, ఆ వెనక ఈ దారి మరిగే లారీలు కళ్ల ముందు తిరిగాయి. పొద్దున ఆటో అన్నతో నేను గొడవపడలేనేమో, వీధంతా చూస్తుంటే నా గొంతు పెగలదేమో అనీ అనిపించింది. ఎస్తేరమ్మకున్న గట్టి గొంతు నాకు లేదు. ఆమె దగ్గర నేర్చుకున్నవన్నీ మరిచిపోయాను. అర్జీ ఎలా మొదలుపెట్టాలో కూడా ఇప్పుడు గుర్తులేదు. నాకు మిగిలింది నున్నటి రోడ్డును చూస్తే కలిగే ఈ వణుకు ఒక్కటే.

ఈ పొద్దున జడలు వేస్తూ పిల్లలతో చెప్పాను. "ఆటో మోరీకి ఇవతలే ఆగుతుంది. మీరు దిగి, అంచు వెంట నడిచి మోరీ దాటి, అవతల మళ్లీ ఎక్కండి."

"రోడ్డు బాగుండాది గదమ్మా?" అన్నాడు చిన్నవాడు.

"పైన బాగుండాది. కింద ఎవురూ సూళ్లేదు."

పాప జడ నా చేతిలోంచి లాక్కుని వెనక్కి తిరిగింది. "మరి ఆటోలో మిగతా పిల్లోళ్లు?"

రాత్రంతా మేలుకుని ఎన్ని ఆలోచించినా, ఆ సంగతి నాకు తట్టలేదు. రిబ్బన్ ముడి వేశాను. ఆ తర్వాత చెప్పాను.

"వాళ్లనూ దింపుదాం. నేనూ వస్తాను, మోరీ ముందర నిలబడతాను. ఆటో అన్న తిడతాడు, రమణక్క నవ్వుతుంది. మీరు సిగ్గుపడొద్దు. యాల దిగల్ల అని ఎవరన్నా అడిగితే, మా అమ్మకు భయం అని గట్టిగా చెప్పండి."